మంగళవారం దించిన కప్పు

నూట పదకొండేళ్ళ హోటలు. ఉదయం ఎనిమిది గంటలు. గోడ మీద ఎనిమిది మేకులు, మేకులకు కప్పులు. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక అక్క, ఒక తమ్ముడు. వాళ్ళ ముందు, ఆ భవనం కన్నా కాస్త చిన్నవాడైన ముసలి సర్వరు.

“ఒక గుడ్డు చాలు బాబాయ్.”

“గుడ్డా? బల్ల ఇప్పుడే తుడిచానే! మళ్ళీ తుడవమంటే తుడుస్తాను తల్లీ, నాదేం పోయింది, అరిగేది బల్ల.”

“గుడ్డ కాదు. గుడ్డు. ఉడకబెట్టిన గుడ్డు.”

“గుడ్డ ఉడకబెట్టడమేమిటని నేనూ... ఓహో, కోడి పెట్టేదా! దర్జీ కుట్టేదనుకున్నాను. చెవి పోయింది తల్లీ, చవి మాత్రం పోలేదు. కాఫీలో పలుకు చక్కెర తేడా వస్తే ఇప్పటికీ చెప్పేస్తాను. బాబుకేం తెమ్మంటారు?”

“నాకేం వద్దు.”

“‘వద్దు’ అనే మాట ఈ చెవిలోకి అసలే దూరదు నాయనా. టోస్టు తెస్తాను. వెన్న రాయించి.”

“విన్నారుగా బాబాయ్, వద్దన్నాడు.”

“విన్నది వేరు, వెన్న వేరు. రాత్రి కూడా ఏం తిన్నట్టు లేదు, ఆ మొహం చూడండి.”

“సరే, వాడికి టోస్టు, నాకు గుడ్డు, ఇద్దరికీ కాఫీ. ఆ పని చూసుకుని వచ్చి ఇక్కడ నిలబడండి. మీతో మాట్లాడాలి.”

“నిలబడ్డమే కదమ్మా నా ఉద్యోగం. యాభై రెండేళ్ళలో నన్నెవరూ కూర్చోమన్లేదు. నిన్న సాయంత్రం చిన్న ఓనరుగారు అన్నారు, ఇంట్లో కూర్చోమని.”

“తెలుసు. మిమ్మల్ని తీసెయ్యమని ఆయనకి చెప్పింది నేనే.”

“...తెలుసమ్మా. గుడ్డు మెత్తగానా, గట్టిగానా?”

“గట్టిగా.”

“అలాగే. ఇవాళ అన్నీ గట్టిగానే ఉన్నాయి. తెస్తాను.”

“అక్కా, లేచిపోదాం. బస్టాండులో ఏదైనా తిందాం.”

“ఇక్కడే తిందాం. నాన్న నలభై ఏళ్ళు తిన్న చోట ఒక్క పూట తింటే నీకు అరగదా?”

“అరగడం గురించి కాదు.”

“మరి దేని గురించి? వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, గోడకి బల్లిలా అంటుకున్నావు. బల్లకి అటువైపు కుర్చీ ఖాళీగా ఉంటే.”

“అది నాన్న కుర్చీ.”

“అందుకే కూర్చోమంటున్నా.”

“తర్వాత కూర్చుంటాలే. అక్కా, ఆ ముసలాణ్ణి వదిలెయ్యి. ఇప్పుడు ఏం తేలినా నాన్న వస్తాడా?”

“నాన్న రాడు. నిజమైనా వస్తుంది. అయినా నీకెందుకురా ఇంత జాలి? రెండు వారాలుగా ‘వదిలెయ్యి, వదిలెయ్యి’ తప్ప ఇంకో మాట లేదు నీ నోట్లో.”

“...కాఫీ వస్తోంది.”

“కాఫీ తల్లీ. కాఫీ నాయనా. ఒకటి అసలు, ఇంకోటి దాని కాపీ. గుడ్డు ఉడుకుతోంది, రొట్టె కాలుతోంది, నేను నిలబడ్డాను. అడగండి.”

“నేను బడిపంతులమ్మని బాబాయ్. పాఠం అప్పజెప్పించుకోవడం అలవాటు. ఆ గోడ సంగతి మొదట్నుంచీ అప్పజెప్పండి.”

“మీకు తెలియందా అమ్మా? ఈ గుమ్మం మీరు పాకుతూ దాటారు. అప్పటికే అది అరిగి గిన్నెలా ఉండేది, వానొస్తే అందులో నీళ్ళు నిలిచేవి, మీరు కాగితం పడవ...”

“గుమ్మం కాదు. గోడ.”

“గోడ. సరే. ఎనిమిది మేకులు, ఎనిమిది కప్పులు. రోజూ వచ్చే ఎనిమిదిమందివి, ఇప్పుడందరూ ఇంట్లో ఒంటరివాళ్ళే. పొద్దున్నే ఎవరొస్తే వాళ్ళు తమ కప్పు తామే దించుకుంటారు. మొదటి కాఫీ ఆ కెటిల్లోంచి తామే పోసుకుంటారు. ఒకరి కప్పు ఇంకొకరు ముట్టరు. నేనైనా సరే, కడగడానికి తప్ప ముట్టను. తొమ్మిది కొట్టగానే గోడ కేసి చూస్తాను. తడి కప్పులవాళ్ళు వచ్చి వెళ్ళినట్టు. ఏ కప్పు పొడిగా వేలాడుతోందో ఆ ఇంటికి వెళ్ళి తలుపు తడతాను.”

“ఎందుకు?”

“ఎందుకేమిటమ్మా... పాతకాలంలో, ఇప్పటి ఓనరుగారి తాతగారి రోజుల్లో, ఒక గుమస్తా ఉండేవాడట. రోజూ ఇక్కడే తినేవాడు. నాలుగు రోజులు రాలేదు. వాసన వచ్చేదాకా ఎవరికీ ఏమీ తట్టలేదు. అప్పట్నుంచీ మేం తడుతున్నాం. తలుపు తడితేనే కదమ్మా, మనిషి సంగతి మనసుకి తట్టేది.”

“బాగా అప్పజెప్పారు. రెండు వారాల కిందట, ఆ మంగళవారం, మా నాన్న తలుపు తట్టారా?”

“లేదు.”

“ఎందుకు తట్టలేదు?”

“కప్పు దిగింది కనక.”

“ఎవరు దించారు?”

“ఆయనే. ఇంకెవరు దించుతారు?”

“చూశారా?”

“చూశాను.”

“అక్కా...”

“నువ్వుండరా. బాబాయ్, మా నాన్న చేతి గడియారం ఎప్పుడు ఆగిందో తెలుసా మీకు?”

“అందరూ చెప్పుకుంటున్నారు.”

“ఐదూ పదికి. తెల్లవారుజామున. స్నానాలగదిలో జారిపడ్డాడు, తుంటి విరిగింది, గడియారం పగిలింది. డాక్టరు కూడా ఆ వేళకే అన్నాడు. ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ బాగుచేసినవాడు, ఆయన గడియారం అబద్ధం చెబుతుందా? తుంటి విరిగిన మనిషి ఎనిమిదింటికి ఇక్కడికెలా వచ్చాడు? దేక్కుంటూ వచ్చాడా? వచ్చి కప్పు దించుకుని, కాఫీ తాగి, మళ్ళీ దేక్కుంటూ వెళ్ళి స్నానాలగదిలో పడుకున్నాడా?”

“అదే నాకూ అర్థం కావడం లేదు తల్లీ. రెండు వారాలుగా నిద్ర లేదు.”

“మంగళవారం పన్నెండింటికి నేను ఈ హోటలుకి ఫోన్ చేశాను. నాన్న ఫోన్ ఎత్తడం లేదని. ఎవరు మాట్లాడారు?”

“నేనే.”

“ఏమన్నారు?”

“...వద్దమ్మా.”

“అప్పజెప్పండి.”

“‘పొద్దున్నే వచ్చి కాఫీ తాగి వెళ్ళారమ్మా, గుండ్రాయిలా ఉన్నారు’ అన్నాను.”

“గుండ్రాయిలా. నిజమే బాబాయ్. అప్పటికి ఏడు గంటలుగా గచ్చు మీద రాయిలాగే పడి ఉన్నాడు. మీ మాట నమ్మి నేను బస్సెక్కలేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. రెండు గంటల ప్రయాణం. ఎక్కి ఉంటే రెండింటికల్లా ఇంట్లో ఉండేదాన్ని. రాత్రి తొమ్మిది దాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు. రాత్రి తొమ్మిది దాకా!”

“తల్లీ, మెల్లగా. తక్కిన ఏడుగురూ వింటున్నారు.”

“విననివ్వండి! రేపు వాళ్ళదీ ఇదే గతి. ఇప్పుడు చెప్పండి, మీరు చూసిందేమిటి? మనిషినా? దయ్యాన్నా?”

“వీపు చూశాను.”

“వీపా?”

“వంటగది తలుపు దగ్గర నిలబడితే ఆ కుర్చీలో మనిషి వీపే కనబడుతుందమ్మా. అదే వీపు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి, మెడ ముందుకి పెట్టి, ఏ చిన్న చక్రమో వెతుకుతున్నట్టు. ‘ఏం సారూ, ఇవాళ మీ గడియారం ముందుకెళ్ళిందా, అరగంట ముందే దిగారు’ అన్నాను. తిరక్కుండానే చెయ్యెత్తారు. మాట్లాడాలని లేని రోజు ఆయన అంతే కదా, చెయ్యెత్తితే ఆ పూటకి సెలవన్నట్టు. నేను లోపలికి పోయాను.”

“ముఖం?”

“నలభై ఏళ్ళుగా చూస్తున్న మనిషి ముఖం కొత్తగా ఎవరు చూస్తారమ్మా? పెళ్ళాం ముఖమే చూడం.”

“నవ్వు రావడం లేదు బాబాయ్.”

“నాకూ రావడం లేదు తల్లీ. నోటికి అలవాటు, అంతే. ఊరంతా నన్ను రేడియో అంటారు కదా. మీట ఎవరో తిప్పేసి పోయారు, ఆగి చావదు.”

“నమస్కారం మేడమ్. నమస్కారం సార్. ఫలహారం మధ్యలో వచ్చానా?”

“రండి ఓనరుగారూ. మీ కోసమే చూస్తున్నాం.”

“మీరేం శ్రమపడకండి. నిర్ణయం అయిపోయింది. ఇవాళ్టితో రేడియోకి సెలవు. ఆ కప్పుల పద్ధతికీ సెలవే. కప్పులుంటాయి, మేకులుంటాయి. పైవూళ్ళ వాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు కదా, పాత హోటలు, పాత గోడ అని. వెళ్ళి తలుపులు తట్టడం మాత్రం ఉండదు. ఆ బాధ్యత మనకెందుకు చెప్పండి?”

“తట్టడం లేకపోతే అవి కప్పులు కావు చిన్న ఓనరుగారూ. గోడకి పెట్టిన నగలు.”

“నీ వార్తలు తర్వాత చదువుదువుగాని రేడియో. మేడమ్, నలుగురూ ఏమనుకుంటున్నారో మీకు చెప్పాలి. మంగళవారం ఒకటే వాన. ఇతనికి మోకాళ్ళ నొప్పి. అంత దూరం నడవలేక, మీ నాన్నగారి కప్పు ఇతనే దించి, నీళ్ళలో ముంచి, మేకుకి తగిలించాడని.”

“ఎవరన్నారా మాట?”

“అందరూ అంటున్నారయ్యా.”

“అందరూ అంటే? ఈ ఏడుగురా? పేపరాయనా? మందులషాపాయనా? ఎవరండీ? కప్పు కడిగాను ఓనరుగారూ. కప్పిపుచ్చలేదు. యాభై రెండేళ్ళలో ఒక్క వాన నన్ను ఆపిందేమో అడగండి. జ్వరంతో వెళ్ళాను. నా ఇంట్లో మనిషి పోయిన రోజు కూడా తొమ్మిదింటికి వచ్చి, గోడ చూసి, రెండు తలుపులు తట్టి, అప్పుడు ఏడ్చాను. ఉద్యోగం తీసెయ్యండి. ఆ మాట కూడా తీసెయ్యండి.”

“నేనేం చేస్తాను, నోళ్ళు మూయించగలనా?”

“అమ్మా, మీరైనా వినండి. నాకు ఉద్యోగం అక్కర్లేదు. రేపు సెలవు మీద ఉండి కూడా ఈ ఏడుగురి తలుపులూ తడతాను, నన్నెవరు ఆపుతారు? కానీ తడితే లోపల్నుంచి ‘ఎవరూ? కప్పు తడిపినవాడివా?’ అన్నారనుకోండి. ఇంక నేనెందుకు?”

“బాబాయ్, మీ రొట్టె మాడుతున్న వాసన వస్తోంది.”

“అయ్యో! ఉండు నాయనా, ఇప్పుడే.”

“ఓనరుగారూ, కూర్చోండి. ఒరేయ్, ఆ మూలలోంచి లే, ఆయనకి చోటివ్వు. ఆ కుర్చీలోకి మారు.”

“నేను నిలబడతాలే అక్కా.”

“పెద్ద ఒడ్డూ పొడుగూ మనిషివి, దారికి అడ్డంగా నిలబడతావా? కూర్చోరా. నాన్న ఏమీ అనడు.”

“...సరే.”

“పాపం సార్, బాగా డీలా పడిపోయారు. మీరు బుధవారం సాయంత్రానికి వచ్చినట్టున్నారు కదూ?”

“ఆఁ.”

“ఆఖరి చూపు దక్కింది.”

“దక్కింది.”

“ఓనరుగారూ, వీడికి దక్కింది ఆఖరి చూపొక్కటే. రెండేళ్ళ నుంచీ నాన్న వీడితో మాట్లాడలేదు. మీకు తెలిసే ఉంటుంది.”

“ఏదో విన్నాను. దుకాణం విషయం కదా?”

“దుకాణం కాదు. ఒక్క మాట. వీడు సెల్‌ఫోన్లు అమ్ముతాడు కదా. ఒకసారి సెలవుకి వచ్చి నాన్న దుకాణంలో కూర్చున్నాడు. ఒక ముసలామె పాత గోడగడియారం మోసుకుంటూ వచ్చింది. నాన్న లోపల కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. వీడు ఆమెతో, ‘పారేసి కొత్తది కొనుక్కోమ్మా’ అన్నాడు. ఆమె నిజంగానే వెళ్ళిపోయింది. నాన్న బయటికొచ్చి అన్నదల్లా, ‘నువ్వింక ఈ గడప తొక్కకు.’ అంతే. వీడు ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, నేను చేస్తే వీడి మాట ఎత్తనిచ్చేవాడు కాదు.”

“అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు?”

“తింటూ విను. తినడానికింకా రాలేదు కదూ... అదేమిటి, అక్కడే నిలబడిపోయారేం బాబాయ్? పళ్ళెం వంగిపోతోంది.”

“సారూ...”

“బాబాయ్! గుడ్డు జారుతోంది!”

“ఆఁ? ఆఁ. వస్తున్నా.”

“ఏమైంది? తలుపు దగ్గర అలా కొయ్యబారిపోయారు?”

“ఏం లేదమ్మా. కాళ్ళు పట్టేశాయి. బాబు... బాబు ఆ కుర్చీలోకి ఎప్పుడు మారాడు?”

“ఇప్పుడే. నేనే మారమన్నాను. ఏం?”

“ఏం లేదు. తలుపులోంచి చూస్తే... భుజం... ఏం లేదు, ఏం లేదు. ఇదిగోండి గుడ్డు. గట్టిది. ఇదిగో నాయనా టోస్టు. అంచులు మాడాయి, అంచులు తీసేసి తిను.”

“బాబాయ్, పళ్ళెం బల్ల అంచు మీద పెట్టారు, పడుతుంది.”

“వయసు నాయనా. ఒకసారి ఇటు చూడు... సరే, చూడకు. వద్దులే. తిను.”

“రేడియో, వడ్డించడం అయితే ఆ ఏప్రను ఇచ్చేసి...”

“ఇస్తాను ఓనరుగారూ. దానికన్నా ముందు ఒక మాట. అమ్మా, ఇందాక నేను చెప్పింది తప్పు.”

“ఏది తప్పు?”

“అంతా. మంగళవారం ఆ కుర్చీలో నేనెవర్నీ చూళ్ళేదు.”

“ఏమిటీ?”

“ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ. నలుగురూ అనుకుంటున్నదే నిజం. వాన పడుతోంది, మోకాళ్ళు లాగుతున్నాయి. కప్పు నేనే దించాను. నేనే తడిపాను. నేనే తగిలించాను.”

“చూశారా మేడమ్, నేను చెప్పలా!”

“ఉండండి! బాబాయ్, ఇప్పుడే కదా ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పారు? వీపు అన్నారు, భుజం అన్నారు, చెయ్యెత్తాడన్నారు!”

“రేడియోని కదమ్మా. వార్త లేని రోజు కూడా ఏదో ఒకటి చదవాలి.”

“వానలో నడవలేక... మా నాన్నని... నడవలేకపోతే ఇంకొకరికి చెప్పచ్చుగా! ఓనరుగారికి చెప్పచ్చుగా! పోనీ పన్నెండింటికి నేను ఫోన్ చేసినప్పుడైనా నిజం చెప్పచ్చుగా!”

“చెప్పచ్చు. చెప్పలేదు.”

“మా నాన్న మిమ్మల్ని తమ్ముడిలా చూశాడు. మీ ఇంట్లో గడియారం ఆగితే అర్ధరాత్రయినా వచ్చి చూశాడు. ఆయన్ని మీరు చంపారు. తెలుస్తోందా? మీరు చంపారు.”

“తెలుస్తోంది తల్లీ. నేనే. ఇంకెవరూ కాదు. ఓనరుగారూ, ఇదంతా కాగితం మీద పెట్టండి, కింద వేలిముద్ర వేస్తాను. అందరికీ చదివి వినిపించండి. ఆ తర్వాత ఇంకెవర్నీ ఏమీ అడక్కండి. బాబుని అసలు అడక్కండి.”

“నన్నెందుకు అడుగుతారు బాబాయ్?”

“అదే, ఎందుకడుగుతారని. నువ్వు తిను. చల్లారిపోతోంది.”

“చూశారా మీరు నన్ను?”

“ఎప్పుడు? నేనెవర్నీ చూళ్ళేదన్నానా!”

“ఇప్పుడు. తలుపులోంచి.”

“నాకు కళ్ళు కూడా పోయాయి నాయనా. గుడ్డికి, గుడ్డుకి, గుడ్డకి తేడా తెలియదు నాకు. నోర్మూసుకుని టోస్టు తిను.”

“అక్కా, ఆయన అబద్ధం చెబుతున్నాడు.”

“ఏది అబద్ధం? ఇందాకటిదా, ఇప్పటిదా?”

“ఇప్పటిది.”

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

“ఎలా తెలుసురా?”

“అమ్మా, పిల్లాడు నీరసంగా ఉన్నాడు, ఏదో వాగుతాడు, వినకండి...”

“కప్పు దించింది నేను.”

“ఏ కప్పు?”

“నాన్న కప్పు. మంగళవారం. ఈ కుర్చీలో కూర్చున్నది నేను. ఆయన చూసిన వీపు నాది. చెయ్యెత్తింది నేను.”

“...నువ్వు బుధవారం కదా వచ్చావు?”

“బుధవారం రెండోసారి వచ్చాను.”

“ఎంత పని చేశావురా నాయనా! ఎందుకు నోరు విప్పావు? నాకు డెబ్బై నాలుగు. ఈ బరువు నా నెత్తిన ఎన్నాళ్ళుంటుంది, మహా అయితే నాలుగేళ్ళు. నీకు ముప్పై ఎనిమిది. లెక్క వేసుకోవద్దూ?”

“మీరు మొయ్యాల్సిన బరువు కాదు బాబాయ్ అది.”

“మొదట్నుంచీ చెప్పరా. అప్పజెప్పు. నాన్న కప్పు నువ్వెందుకు ముట్టుకున్నావు?”

“మొదటి బస్సుకి దిగాను. నాన్నతో మాట్లాడాలని. గడప తొక్కద్దన్నాడు కదా, హోటలు గడపకి ఆ రూలు లేదు. రోజూ ఎనిమిదిన్నరకి వస్తాడు, ఇక్కడైతే నలుగురి ముందు అరవడు అనుకున్నాను. అరగంట ముందే వచ్చి కూర్చున్నా. చిన్నప్పుడు నాన్న నన్నెత్తి పట్టుకుంటే ఆ మేకుకున్న కప్పు నేనే దించి ఇచ్చేవాణ్ణి, గుర్తుందా? అలాగే దించాను. కాఫీ పోసి ఉంచాను. రాగానే చేతికిద్దామని. వెనకనుంచి బాబాయ్ ఏదో అన్నాడు. తిరిగితే గుర్తుపడతాడు, క్షణంలో ఊరంతా వార్తయిపోతుంది, నాన్న ఇటు రాకుండానే తిరిగిపోతాడు అనుకుని చెయ్యెత్తాను. అంతే.”

“ఆ తర్వాత?”

“ఎనిమిదిన్నరయింది. రాలేదు. కాఫీ చల్లారిపోయింది. చల్లారింది నాన్న తాగడు కదా. పారబొయ్యడం ఇష్టంలేక నేనే తాగేశాను. కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాను.”

“ఆ కప్పు నేను తొమ్మిదికి ముందే తీసి, కడిగి, మేకుకి తగిలించాను తల్లీ. తొమ్మిదింటికి చూస్తే తడిగా ఉంది.”

“ఉండండుండండి, నాకు అర్థం కావాలి. కప్పు దించింది కొడుకు. వీపు చూసి తండ్రనుకున్నది రేడియో. రేడియో మాట విని ఇంట్లో నిశ్చింతగా ఉన్నది మేడమ్. అంతేనా?”

“అంతే ఓనరుగారూ.”

“అయితే ఇతను కప్పు తడిపి పెట్టలేదు.”

“లేదు. ఆ మాట మీరిప్పుడే తీసెయ్యాలి. ఈ హాల్లో అందరికీ వినబడేలా.”

“ఏమండీ, అందరూ ఇటు వినండి! మంగళవారం కప్పు సంగతి. రేడియో అబద్ధమాడలేదు. కప్పు తడపలేదు. గడియారాలాయన కొడుకు తండ్రి కోసం దించాడు, రేడియో వెనకనుంచి చూసి తండ్రే అనుకున్నాడు. పొరపాటు, అంతే. రేడియో తప్పేం లేదు. తింటున్నవాళ్ళు తినండి.”

“బాబాయ్... నేను... ఎన్ని మాటలన్నాను.”

“నాకు చెవుడు కదమ్మా. సగం వినబడలేదు.”

“ఏప్రను తియ్యకు రేడియో. ఉంచుకో. రేపట్నుంచి... సరే, రేపటి సంగతి రేపు చూద్దాం.”

“ఎప్పట్నుంచి తెలుసురా నీకు? ఇదంతా నువ్వు దించిన కప్పు వల్లనే అని?”

“బుధవారం నువ్వు ఫోన్లో ‘కప్పు దిగింది కనక తట్టలేదట’ అన్నావు చూడు, ఆ క్షణం నుంచీ.”

“రెండు వారాలు! నా పక్కన కూర్చుని! ఈయన్ని తీసెయ్యమని ఉత్తరం రాస్తుంటే కాగితం తెచ్చిచ్చింది నువ్వే కదరా!”

“నేనే.”

“అమ్మా, వదిలెయ్యండి. పిల్లాడు కప్పు దించింది ప్రేమతో. ప్రేమతో చేసిన పొరపాటుకి శిక్ష ఏం వేస్తారు?”

“ప్రేమా? అంత ప్రేమ ఉన్నవాడు కాఫీ తాగేసి బస్సెక్కుతాడా బాబాయ్? ఇల్లు ఈ వీధి చివరే. ఎనిమిదిన్నరకి రాని మనిషి ఎందుకు రాలేదో చూడాలని తోచదా? గడప తొక్కకపోతే పోయె, బయట నిలబడి తలుపు తట్టచ్చుగా? తట్టి ఉంటే ఇవాళ నాన్న ఈ కుర్చీలో ఉండేవాడు. చెప్పు. ఎందుకు తట్టలేదు?”

“తట్టాను.”

“...ఏమిటీ?”

“వెళ్ళాను అక్కా. గడప బయటే నిలబడి తట్టాను. ‘నాన్నా, నేను’ అన్నాను. నేను తట్టిన ప్రతిసారీ లోపల బకెట్ చప్పుడైంది. మూడుసార్లు తడితే మూడుసార్లు. పొమ్మంటున్నాడనుకున్నాను.”